పెద్దదైన చెల్లెలు

వనజాక్షికీ చౌడేశ్వరికీ వయసులో తేడా అరగంట. ముందు పుట్టింది చౌడేశ్వరి. పుట్టబోయే బిడ్డకని ఇంటి దేవత పేరు ముందే అనుకుని ఉన్నారు గనక ఆ పేరు ఆమెకు దక్కింది. కడుపులో ఇంకొకతె ఉందని మంత్రసానికి కూడా తెలియదు. తీరా రెండోది బయటపడ్డాక ఏం పేరు పెట్టాలో తోచక ఇంటిల్లిపాదీ ముఖాలు చూసుకుంటుంటే, బడిలో అయ్యవారుగా ఉన్న మేనమామ వనజాక్షి అన్నాడట. ఆ కరువు నేలలో తామరపువ్వును చూసినవాళ్ళు లేరు గాని, పేరు మాత్రం నిలిచింది.

ఇద్దరివీ ఒకటే ముక్కు, ఒకటే నవ్వు, ఎడమ చెంప మీద ఒకటే సొట్ట. కన్నతల్లి పొరపడేది. నాయనైతే ఆ గొడవే పెట్టుకోకుండా ఎవరు ఎదురుపడితే వాళ్ళనే "మే పాపా" అని పిలిచి పని చెప్పేవాడు.

పందొమ్మిదో ఏట ఇద్దరికీ ఒకే పందిట్లో పెళ్ళయింది. వచ్చిన సంబంధాలు రెండు. ముదిగుబ్బ దగ్గర పల్లెలో బయ్యన్నది పద్దెనిమిది ఎకరాల చేను, రెండు జతల ఎద్దులు, ఆ ఊళ్ళో మొట్టమొదటి ట్రాక్టరు. ప్రతాప్‌ది హిందూపురం దగ్గర ఫ్యాక్టరీలో నెల జీతం, చిలమత్తూరులో అద్దె ఇల్లు. సెంటు భూమి లేనివాడికి పిల్లనెట్లా ఇస్తారని చుట్టాలు నోరు నొక్కుకున్నారు. వరస ప్రకారం భూమి ఉన్న సంబంధం పెద్దదానికి పోవాలి. కానీ పెళ్ళిచూపుల నాడు బయ్యన్న తల్లి లేచి వచ్చి, ఇద్దర్నీ ఎగాదిగా చూసి, "ఈ పిల్ల" అని వనజాక్షి చెయ్యి పట్టుకుంది. ఎందుకు ఈ చెయ్యే పట్టుకుందో ఆ ముసలమ్మకే తెలియాలి.

పెళ్ళయిన మర్నాడు వనజాక్షి పూలదండలు కట్టిన ట్రాక్టరు మీద అత్తగారింటికి పోయింది. చౌడేశ్వరి బస్సు ఎక్కింది. ట్రాక్టరు మలుపు తిరిగేటప్పుడు వనజాక్షి ఒకసారి వెనక్కి చూసి, రోడ్డు పక్కన పెట్టె మీద కూర్చుని బస్సు కోసం ఎదురుచూస్తున్న అక్కను చూసి జాలిపడింది. ఆ జాలిలో ఎంతో కొంత సంతోషం కూడా ఉంది. అదేమంత తప్పని ఆమెకు అప్పుడు తోచలేదు.

చేను ఎంత పెద్దదో దాని ఎండ కూడా అంత పెద్దదని ఆమెకు పోయిన తర్వాతే తెలిసింది. దుక్కి నుంచి పెరకడం దాకా వేరుశనగ పంటంతా నడుములు వంచి చేసేదే. వంచిన వీపు మీద ఎండ కూర్చునేది. ఇంటికొస్తే కట్టెల పొయ్యి. గ్యాసు వచ్చాక కూడా దాన్ని టీకీ, చుట్టాలు వచ్చినప్పటికీ దాచిపెట్టుకునేవాళ్ళు. సంగటి, చారు, గొడ్ల కుడితి, అన్నీ కట్టెల మీదే. వంటింటికి ఉన్న ఒక్క కిటికీ గొడ్లపాకలోకి తెరుచుకునేది. పొగ పోవడానికి దారి లేక ఆమె కళ్ళల్లోనే కాపురం పెట్టింది. ఊరి బోరు నీళ్ళు ఎముకలకు మంచివి కావని, పళ్ళకు గార పడుతుందని ఆఫీసర్లు వచ్చి చెప్పారు. చెప్పినవాళ్ళు తెచ్చుకున్న సీసాల్లో నీళ్ళు తాగి వెళ్ళిపోయారు. ఊరివాళ్ళు బోరు నీళ్ళే తాగుతూ ఉండిపోయారు. ఇక నిద్ర సంగతి. వాన కోసం కొన్నేళ్ళు, ఎండిపోయిన బోర్ల కోసం కొన్నేళ్ళు, కొడుకు భరత్ బెంగళూరులో కుదురుకునేదాకా కొన్నేళ్ళు. అది కోడికునుకై, ఆ కునుకు కూడా పోయి, చూరు వైపు చూస్తూ పడుకోవడమే మిగిలింది.

చౌడేశ్వరి నీడపట్టున బతికింది. సుఖపడిందని కాదు, ఆమె కష్టాలు ఆమెకూ ఉన్నాయి. కానీ అవి కప్పు కింద పడిన కష్టాలు. ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుని ఆ వీధికంతా జాకెట్లు కుట్టేది. మధ్యాహ్నం తిని ఒక గంట పడుకునేది. సాయంత్రం ఇరుగుపొరుగు ఆడవాళ్ళతో లేపాక్షి రోడ్డు వెంట నడిచి, నవ్వి, మాట్లాడి, చల్లబడ్డాక ఇల్లు చేరేది.

చౌడేశ్వరి కూతురు సుష్మ శ్రీమంతానికి చిలమత్తూరు పోయినప్పుడు ఈ ఇరవై ఎనిమిదేళ్ళూ ఒక్కసారిగా బయటపడ్డాయి. సుష్మకు గాజులు తొడిగారు, ఓళిగలు వడ్డించారు. తర్వాత ఫోటోలు. హిందూపురం నుంచి వచ్చిన ఫోటోగ్రాఫరు అక్కచెల్లెళ్ళనూ సుష్మనూ చూసి, హుషారుగా కుర్చీ లాగి, వనజాక్షితో అన్నాడు.

"అవ్వా, నువ్వు నడిమధ్యలో కూర్చో. ఈ పక్క కూతురు, ఆ పక్క మనమరాలు. మూడు తరాలూ ఒకే ఫోటోలో వస్తాయి."

చౌడేశ్వరి నవ్వింది. అవ్వ కాదప్పా, నా చెల్లెలు, కవలలం మేము, అని నవ్వుతూనే చెప్పింది. అతను నమ్మలేదు, తమాషా చేస్తున్నారనుకున్నాడు. ఇంకో ఇద్దరు ముగ్గురు సాక్ష్యం చెప్పాక నాలిక కరుచుకుని, ఆ తప్పు దిద్దుకోవడానికన్నట్టు వనజాక్షిని ఒక్కదాన్నే నాలుగైదు ఫోటోలు తీశాడు. అక్క నవ్వులో ఎగతాళి లేదని వనజాక్షికి తెలుసు. కానీ ఆ నవ్వు ఆగాల్సిన చోట ఆగలేదు. అవసరమైనదానికంటే కొంచెంసేపు ఎక్కువ నవ్వింది చౌడేశ్వరి. ఆ కొంచెంసేపే వనజాక్షి గుండెలో ముల్లై నిలిచింది.

తిరుగు బస్సులో బయ్యన్న కడుపు నిండిన సంతోషంలో ఉన్నాడు. "వదినె యట్ల ఉన్నిందో అట్లనే ఉండాది మే," అన్నాడు. "నిన్ను ట్రాక్టరు మీద తెచ్చుకున్నప్పుడు నువ్వూ అచ్చం అట్లనే ఉంటివి." పెళ్ళాన్ని పొగిడాననే అతను అనుకున్నాడు. వనజాక్షి ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. కదిరి దాటేదాకా మళ్ళీ ఇటు తిప్పలేదు.

ఆ తర్వాత ఆమెకు అద్దం పిచ్చి పట్టింది. భరత్ ఎప్పుడో తగిలించిన అద్దం ముందు నిలబడి, రెండు చేతులతో బుగ్గలు వెనక్కి లాగి పట్టుకుని చూసుకునేది. వదిలితే మళ్ళీ జారేవి. ముదిగుబ్బ నుంచి తెల్లబరిచే క్రీము తెప్పించి రాసింది. తలకు రంగు వేసుకుంటే పడక నుదురంతా పొంగి, కళ్ళు మూసుకుపోయాయి. చేనికి కూలికి వచ్చే సుంకమ్మ చూసి తేనెటీగలు కుట్టినాయా అని అడిగింది. అవునంది.

ఫోన్లో అక్క పెట్టే ఫోటోలు చూడటం అన్నిటికంటే పెద్ద పని అయిపోయింది. చౌడేశ్వరి ముఖాన్ని రెండు వేళ్ళతో పెద్దది చేసి, కంటి చివర్లలో, మెడ కింద, పెదవుల పక్కన ముడతల కోసం వెతికేది. ఒక చిన్న గీత కనిపించిన రోజు ఆమెకు అన్నం సయించేది. చౌడేశ్వరికి షుగరు పరీక్ష చేయించారని విని, ఫలితం ఏమొచ్చిందో కనుక్కోవడానికి తనే ఫోన్ చేసింది. ఏమీ లేదు, బాగుందన్నారని అక్క చెబితే, "పోనీలే అక్కా, సల్లని మాట," అని పైకి అని, ఫోన్ పెట్టేసి ఆ పూటంతా గొడ్ల మీద కసురుకుంది. తన మనసులో ఏముందో తెలుసుకోలేనంత అమాయకురాలు కాదు వనజాక్షి. తెలుసు గనకే ఇంకా మండింది.

ఎండలు ముదిరేసరికి ఆమె ఎడమ కంటికి అంతా పొగమంచు కమ్మినట్టు అయింది. బియ్యంలో రాళ్ళు కనపడటం మానేశాయి. సంగతి తెలిసిన చౌడేశ్వరి, నువ్వు కదలకుండా ఉంటే నేనే వచ్చి తీసుకుపోతానని పట్టుబట్టింది. అట్లా హిందూపురంలో కంటి డాక్టరమ్మ దగ్గరికి ఇద్దరూ కలిసి పోయారు.

ఎడమ కంట్లో పొర ముదిరింది, ముందు దానికి ఆపరేషన్ చేయాలి, రెండో కంట్లోనూ మొదలైందని డాక్టరమ్మ చెప్పింది. వయసు అడిగితే నలభై ఏడు అని చెప్పింది వనజాక్షి. పక్కనున్నావిడ ఎవరని అడిగితే, మేమిద్దరం కవలలం అంది చౌడేశ్వరి. డాక్టరమ్మ చేతిలో ఉన్నది పక్కన పెట్టి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. చౌడేశ్వరిని కూడా కూర్చోబెట్టి కళ్ళలోకి వెలుగు వేసి చూసి, ఇవి కడిగిన గాజులా ఉన్నాయంది. తర్వాత వనజాక్షిని చాలా అడిగింది. ఏ పొయ్యి మీద వండుతావు, ఎండలో ఎంతసేపుంటావు, ఏం నీళ్ళు తాగుతావు, నిద్ర పడుతుందా. అన్నీ విని, మెల్లగా చెప్పింది.

"పుట్టుకతో తెచ్చుకునేది కొంతేనమ్మా. మిగతాది మనం బతికే బతుకు చేస్తుంది. పొగ, ఎండ, నీళ్ళు, నిద్ర లేకపోవడం, రాత్రీపగలూ దిగులు. ఇవన్నీ మనిషిని ముందే ముసలి చేస్తాయి. మీ ఇద్దర్నీ చూస్తే ఆ సంగతి ఎవరికైనా అర్థమైపోతుంది."

వనజాక్షి సేద్యగత్తె. ఆ మాట ఆమెకు విడమరిచి చెప్పనక్కర్లేదు. ఒకే మూటలో విత్తనం ఒక సాలు బోరు కింద వేసి, ఇంకో సాలు రాళ్ళ మెరక మీద వేస్తే ఏం మొలుస్తుందో ఆమె ఏటేటా చూసిందే. కానీ ఇన్నాళ్ళూ ఆమె అంతా తలరాత అనుకుంటూ వచ్చింది. తలరాత అయితే తిట్టుకుని ఊరుకోవచ్చు. ఇప్పుడు డాక్టరమ్మ దానికి కారణాలు చెప్పింది. తనకు రావాల్సిన నీడ, తనకు రావాల్సిన నిద్ర, తను తాగాల్సిన నీళ్ళు ఇంకొకరు వాడుకున్నట్టు అనిపించింది. ఆ ఇంకొకరు పక్క కుర్చీలో కూర్చుని, తన చెయ్యి పట్టుకుని, ఏం కాదులే వనజా అంటూ ఉంది.

విత్తనాల పని ముగించుకుని శ్రావణంలో ఆపరేషన్ చేయించుకుంది, ఆ తర్వాత కొన్నాళ్ళు చిలమత్తూరులోనే ఉంది. చౌడేశ్వరి తన మంచం ఆమెకిచ్చి, తను కింద చాప వేసుకుంది. వేళకు చుక్కల మందు వేసింది, పొయ్యి దగ్గరికి రానీయలేదు, తల దువ్వి జడ వేసింది. ఆ దయ కూడా వనజాక్షికి గుచ్చుకుంది. చల్లని గదిలో బతికేవాళ్ళకు దయగా ఉండటం ఎంతసేపు పని, అనుకుంది. కట్టు విప్పాక లోకం కడిగి ఆరబెట్టినట్టు కనిపించింది. ఆ కొత్త కంటితో మొదట పరీక్షగా చూసింది అక్క ముఖమే. ఫోన్లో వెతికిన ముడతలు దగ్గరగా చూస్తే ఇంకా తక్కువగానే ఉన్నాయి. తర్వాత తన చేతులు చూసుకుంది. పొగమంచు లోంచి చూసినప్పుడే నయమనిపించింది.

ఊరికి బయల్దేరే రోజు, చౌడేశ్వరి సంచి సర్దుతుంటే వనజాక్షి నోట ఆ మాట వచ్చింది. ముందుగా అనుకున్నదేమీ కాదు. కానీ వచ్చాక, అది ఎన్నాళ్ళుగానో లోపల ఊరుతున్నదేనని ఆమెకు తెలిసిపోయింది.

"అక్కా, ఈ తూరి వాన పదును మీద విత్తినాం. కాయ బాగా దిగేట్టుండాది. పెరికేటప్పుడు కూలోళ్ళు దొరకరు. వచ్చి కొన్ని దినాలు ఉండిపోరాదా? చిన్నప్పుడు నాయన చేన్లో ఇద్దరమూ పెరికేటోళ్ళం గదా."

తన భార్యకు ఎండ పడదని ప్రతాప్ అడ్డం చెప్పాడు. చౌడేశ్వరి మాత్రం చెల్లెలి ముఖంలోకి కాసేపు చూసి, వస్తానంది.

అక్టోబరులో, వానలు వెనక్కి తగ్గి ఎండ మళ్ళీ పళ్ళు కొరుకుతున్న రోజుల్లో వచ్చింది. సంచిలో గొడుగు, ఎండకు రాసుకునే క్రీము, నీళ్ళ సీసాలు తెచ్చుకుంది. మొదటి రోజు పొద్దున చేనికి బయల్దేరేముందు ఆ క్రీము ముఖానికి పట్టిస్తుంటే వనజాక్షి వాకిట్లో నిలబడి, ఊళ్ళో నవ్వుతారక్కా అంది. చౌడేశ్వరి తుడిచేసుకుంది. గొడుగు కూడా మూలనే ఉండిపోయింది. చేను చేరాక, గట్టు పక్క కానుగచెట్టుకు దగ్గరున్న సాళ్ళు సుంకమ్మకూ మిగతావాళ్ళకూ చూపించి, అక్కకు మాత్రం మెరక మీది సాళ్ళు చూపించింది. అక్కడ తల దాచుకోవడానికి తుమ్మకంప కూడా లేదు. తెచ్చుకున్న సీసాల్లో నీళ్ళు అయిపోతే, ముదిగుబ్బలో మంచినీళ్ళ క్యాను దొరుకుతుందన్న సంగతి వనజాక్షి చెప్పలేదు. కుండలోంచి బోరు నీళ్ళే ముంచి ఇచ్చింది. అక్క గుటకలు వేస్తుంటే కంఠం వైపు చూస్తూ నిలబడింది.

ప్రతి సాయంత్రం ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నాక అరుగు మీద కూర్చోబెట్టి, కాఫీ చేతికిచ్చి, ఆ ముఖాన్ని చూసేది. మొదటి సాయంత్రం ఎర్రబడింది. తర్వాత నల్లబడింది. ముక్కు మీద పొర లేచింది, పెదవులు పగిలాయి, కళ్ళ కింద గుంటలు పడ్డాయి. మిషను తొక్కిన కాళ్ళు పట్టేసి, లేవాలంటే గోడ పట్టుకోవాల్సి వచ్చింది. అయినా చౌడేశ్వరి తెల్లారేసరికి చేనికి తయారయ్యేది. సుంకమ్మ ఇద్దర్నీ పక్కపక్కన చూసి, ఇప్పుడు మీరు కవలలంటే నమ్మొచ్చక్కా అంది. ఆ మాట వనజాక్షికి నోట్లో బెల్లం పెట్టినట్టయింది. ఆ పూట అక్కకు సంగటిలో చేతినిండా నెయ్యి పోసింది.

బయ్యన్న మధ్యలో వచ్చి అంతా పాడుచేశాడు. మర్నాడు చేను దగ్గర చౌడేశ్వరి నడుము పట్టుకుని నిలబడటం చూసి, తన భుజం మీది తువ్వాలు తడిపి ఇచ్చి, పోయి చెట్టు కింద కూర్చోమన్నాడు. ఇటొచ్చి పెళ్ళాంతో, "ఆయమ్మకు అలవాటు లేదు మే. మెరక మీద పెట్టొద్దు," అన్నాడు. ఆ మాట నిజమే. కానీ వనజాక్షి చెవుల్లో అది వేరేగా మోగింది. ఇరవై ఎనిమిదేళ్ళలో ఆ మనిషి తనను ఒక్కసారి నీడలో కూర్చోమనలేదు. కడుపుతో ఉన్నప్పుడు అనలేదు. జ్వరంతో కలుపు తీసినప్పుడు అనలేదు. ఇప్పుడు ఆ మాట అతని నోట పుట్టింది, తన పాత ముఖం పెట్టుకున్న ఇంకొకదాని కోసం.

ఆ మరుసటి రోజు ఆమె అక్కను మళ్ళీ మెరక మీదికే పంపింది. అన్నిటికంటే పొడుగు సాలు ఇచ్చింది. మధ్యాహ్నం బువ్వకు అందరూ చెట్టు కింద చేరినా చౌడేశ్వరి రాలేదు. సుంకమ్మ పిలిచింది. పలుకు లేదు. వనజాక్షి లేచి చూస్తే, మెరక మీద పెరికి వేసిన వేరుశనగ చెట్ల వరసలో ఒక చీర కనిపించింది.

పరుగెత్తింది. పడి ఉన్న అక్కను వెల్లకిలా తిప్పింది. ఒళ్ళు పెనంలా కాలుతోంది, చెమట చుక్క లేదు. పగిలిన పెదవుల మీద మన్ను, మూతబడిన కళ్ళు, లోపలికి పీక్కుపోయిన బుగ్గలు. అది ఆమె రోజూ అద్దంలో చూసుకునే ముఖం. ఇన్నాళ్ళూ అక్కకు రావాలని ఎదురుచూసింది ఈ ముఖం కోసమే. వచ్చింది.

ఎట్లా ఎత్తుకుందో ఆమెకు గుర్తు లేదు. బోరు నీళ్ళకు బిగిసిపోయిన మోకాళ్ళు ఆ రోజు ఎట్లా వంగాయో కూడా తెలియదు. తనకంటే బరువైన మనిషిని భుజాన వేసుకుని, రాళ్ళూ సాళ్ళూ తొక్కుకుంటూ మోటారు గదికి చేర్చింది. సుంకమ్మ బిందెతో నీళ్ళు కుమ్మరిస్తుంటే, తన కొంగు తడిపి అక్క మెడకూ చంకలకూ అద్దుతూ, అక్కా అక్కా అని పిలుస్తూనే ఉంది. బయ్యన్న ఆటో తెచ్చాడు. దారి పొడుగునా తల ఒళ్ళో పెట్టుకుని, కొంగుతో విసురుతూ, ఇంటి దేవతకు మొక్కుకుంటూ పోయింది.

ముదిగుబ్బ ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించారు. ఎండదెబ్బ, ఇంకొంచెం ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళమని అన్నారు. పొద్దు వాలేసరికి చౌడేశ్వరి కళ్ళు తెరిచి నీళ్ళడిగింది. ప్రతాప్‌కు ఫోన్ చేయడానికి బయ్యన్న బయటికి పోయాడు. అక్కచెల్లెళ్ళే మిగిలారు.

"మెరక మీద యెందుకు పెట్టినావో నాకు తెలుసు వనజా," అంది చౌడేశ్వరి. "నేను నల్లబడల్లని గదా."

వనజాక్షి మంచం పట్టె మీద గోటితో గీస్తూ కూర్చుంది. అబద్ధం చెప్పడానికి ఓపిక లేదు.

"ఔను."

"సాయంత్రం అయితే చాలు, నా మొగం వంక చూస్తాంటివి. అంగట్లో సరుకు చూసినట్ల."

"తెలిసినాక యెందుకు ఉంటివి మళ్ళ? పోయుండొచ్చు గదా."

చౌడేశ్వరి పైన తిరుగుతున్న ఫ్యాను వంక చూస్తూ చెప్పింది. "నువ్వు ట్రాక్టరు మీద పోయిన దినం నేను బస్సులో కూర్చోని మొక్కుకున్నా. ఆ చేన్లో వాన పడగూడదని. పెద్దదాన్ని నేను, ఆ సంబంధం నాది. ఆ ముసిల్ది నీ చెయ్యి పట్టుకునె. అందురూ నీ యెనకాల ట్రాక్టరు కాడికి పోయిరి, నన్ను బస్సెక్కించేకి నాయన ఒక్కడే వచ్చె. దావ పొడుగూతా అదే మొక్కు. మళ్ళ ఒక ఏడు వాన పడలే. రెండో ఏడూ పడలే. మీ చేను ఎండిపోయిందని విన్నప్పుడల్లా నాకు గుండె దడ. ఎవురికీ చెప్పలే. నువ్వు పిలిచినప్పుడు రాకుండా ఎట్లుందును?"

వనజాక్షికి మొదట కోపం రాబోయింది. ఎండిన చేలు, అమ్ముడుపోయిన ఎద్దులు, ఆఖరికి ఆ ట్రాక్టరు కూడా వేరేవాళ్ళ వాకిట్లోకి పోయిన రోజు, అన్నీ కళ్ళముందు తిరిగాయి. ఆ కోపం ఎక్కడ దించుకోవాలో తెలియలేదు. మంచం మీద పడి ఉన్న మనిషిని ఈ స్థితికి తెచ్చింది తనే.

"జిల్లాకంతా పడలేదు గదక్కా వాన," అంది చివరికి. "నీ మొక్కు అంత దూరం పోయిందా?"

చౌడేశ్వరి నవ్వబోయింది. పెదవి పగిలి రక్తం చిమ్మింది. వనజాక్షి కొంగుతో తుడిచింది. ఆమె నవ్వలేదు. ఆ మొక్కును ఆమె సగం నమ్మింది. ఆ సగం నమ్మకం ఆమె లోపల ఇప్పటికీ ఉంది.

ప్రతాప్ మర్నాడు కారు మాట్లాడుకుని వచ్చి భార్యను తీసుకుపోయాడు. వనజాక్షితో మాట్లాడలేదు. మాట్లాడమని అడగడానికి ఆమెకూ ముఖం చెల్లలేదు. కారు కదిలేముందు చౌడేశ్వరి అద్దం దించి, ఎండాకాలం రాకముందే వచ్చి రెండో కన్ను కూడా చేయించుకోమని చెప్పి పోయింది.

ఆ సాయంత్రం బయ్యన్న గొడ్లకు మేత వేస్తుంటే వనజాక్షి వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"ఆయమ్మను నీడలో కూర్చోమని చెప్పినావు. నాకు ఎప్పుడన్నా చెప్పినావా?"

అతను చేతిలో మేత కింద పెట్టాడు. "చెప్పినా నువ్వు కూర్చోవనుకుంటిని," అన్నాడు. అది జవాబు కాదని అతనికీ తెలిసింది. ఆ వారంలోనే మేస్త్రీని పిలిచి వంటింటికి రెండో గోడలో కిటికీ కొట్టించాడు, పొగ పైకి పోయేట్టు గొట్టం పెట్టించాడు. ముదిగుబ్బ నుంచి నీళ్ళ క్యాను తెచ్చే పని తన మీదేసుకున్నాడు. మెరక మీది నేలను ఆ మరుసటి ఏడు విత్తకుండా గొర్రెలకు వదిలేశారు. ఇవన్నీ చేశాక వనజాక్షి ముఖం వెనక్కి తిరిగి వచ్చిందేమీ లేదు. పొద్దున దగ్గు మాత్రం తగ్గింది.

మాఘమాసంలో రెండో కన్ను కోసం చిలమత్తూరు పోయింది. తలుపు తీసింది చౌడేశ్వరి. ముక్కు మీద మచ్చ లేదు, పెదవులు నున్నగా ఉన్నాయి, కళ్ళ కింద గుంటలు పూడిపోయాయి. ముఖం మళ్ళీ శ్రీమంతం నాటి ముఖమే అయిపోయింది. వనజాక్షి గడపలోనే ఒక్క క్షణం ఆగిపోయింది. అక్కకు తగిలిన ఎండ ఈ నాలుగు నెలల్లో కరిగిపోయింది. తనకు తగిలినది కరగదు. ఆ పాత మంట మళ్ళీ లేచింది. పోయిందనుకున్నది పోనే లేదు. అయితే ఈసారి దాన్ని చూసి ఆమె బెదరలేదు. చెప్పులు విడిచి లోపలికి వచ్చింది.

ఆపరేషన్ అయి, కట్టు విప్పిన తర్వాత ఒక మధ్యాహ్నం, తిన్నాక పడుకోమంటే పడుకుంది. పగటిపూట నిద్ర ఆమె ఒంటికి తెలియదు. అయినా పట్టింది. మెలకువ వచ్చేసరికి ఎండ గోడ దిగిపోతోంది, ముందు గదిలో మిషను చప్పుడవుతోంది. సిగ్గుపడుతూ లేచి వచ్చింది. చౌడేశ్వరి ఆకుపచ్చ గుడ్డతో జాకెట్టు కుడుతూ ఉంది. ఎవరిదని అడిగితే నీదే అంది. కొలత లేకుండా ఎట్లా కుడుతున్నావంటే, నా కొలతే పెట్టినా అంది.

"నాకు వదులైతుంది గదక్కా. చిక్కిపోయినా. రెండు వేళ్ళ మందం లోపలికి పట్టు."

"ఒళ్ళు చేస్తావులే. వదులుగానే ఉండనీ."

వనజాక్షి ఆ జాకెట్టును చేతిలోకి తీసుకుని, కిటికీ దగ్గర వెలుతురుకు పట్టి, రెండు కళ్ళతోనూ కుట్టుకుట్టు పరీక్షగా చూసింది. తర్వాత అక్క వీపు వైపు చూసి, "నీ జాకెట్టు మాదిరి యెనక మెడ ఇంకొంచెం దించు," అంది.